రెండుసార్లు తొక్కే బ్రేకు

"సంతకం పెట్టనంటే పెట్టను" అంది అరుణాదేవి.

పెన్నుకు మూత పెట్టి కాగితం మీద అడ్డంగా పడేసింది. గడ్డపోతారంలోని మందుల ఫ్యాక్టరీ పంపిన కాగితం అది. ఆరు కార్లు, మూడేళ్ళ కాంట్రాక్టు. మధ్యాహ్నం మూడింటికల్లా ట్రాన్స్‌పోర్ట్ మేనేజరు సూర్యప్రకాశరావు టేబులు మీద ఉండాలి. ఏ బండి పెడతారో రాయాల్సిన చోట ప్రహ్లాద్ పొద్దున్నే 'ట్రివాన్' అని లావుపాటి అక్షరాలతో రాసేశాడు. కింద ట్రావెల్స్ యజమాని సంతకం ఒక్కటే బాకీ. కాగితాల్లో యజమాని అతని భార్య అరుణాదేవి.

"ట్రివానే మంచిదన్నది ఎవరు? నేనా?" ప్రహ్లాద్ గొంతు లేచింది. "పోయిన ఆదివారం నాయిన ముంగట బుక్కు తెరిచి, వేలు పెట్టి చూపెట్టింది ఎవరు? సెలోరా మీద ముప్పై ఒక్క కంప్లేంట్లు, ట్రివాన్ మీద అయిదే అయిదు అన్నది ఎవరు?"

"నేనే."

"మరి?"

"నేను చెప్పింది తప్పేమోనని అనుమానమొచ్చింది. అందుకే ఆగుమంటున్న."

తను తప్పు చెప్పానేమో అని నోరు తెరిచి అన్నవాళ్ళు అంతకుముందు ఆ ఇంట్లో పుట్టలేదు, మెట్టలేదు. వంటింట్లో పోపు వేస్తున్న అత్తగారు కమలమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

మామగారు వెంకటనారాయణ గోడవార కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. సంగారెడ్డి గంజ్‌లో నలభై ఏళ్ళుగా కందులు, శనగలు కొని అమ్ముతున్న మనిషి. వ్యాపారంలో ఆడవాళ్ళ సలహా అడగడం ఆయన పుట్టి బుద్ధెరిగాక పోయిన ఆదివారమే మొదలు. రెండేళ్ళుగా కోడలు కార్లవాళ్ళని అడిగి అడిగి రాసుకున్న పుస్తకం చూసి, "అరుణ చెప్పిందే ఖాయం" అన్నాడు. ఆ ఒక్క మాటకి అరుణాదేవి వారం రోజులు నేల మీద నడవలేదు. ఇప్పుడు ఆ మాటనే తన చేతులతో తీసి అవతల పెట్టాలి.

"ఏమైంది అరుణా?" అన్నాడాయన నింపాదిగా.

"పొద్దున భానూర్ మల్లన్న వచ్చిండు గద మామయ్యా. మన పాత ట్రివాన్ అమ్ముతున్నమని తెలిసి. తన సెలోరా మనకిచ్చి, మన బండి తీసుకుంటనన్నడు. 'ఎట్లుంటదమ్మా బండి, నువ్వు చెప్పు చాలు' అన్నడు."

"ఏమన్నవ్?"

"మంచిగుంది మల్లన్నా, ఒక్కనాడు పరేషాన్ చెయ్యలే అన్న."

"మంచిగనే అన్నవ్."

"ఆలోచించి అన్లే మామయ్యా. నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది." అరుణాదేవి భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మన బండి బ్రేకు మీరు ఎన్నిసార్లు తొక్కుతరు?"

ప్రహ్లాద్ తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.

"మిమ్మల్నే అడుగుతున్న."

"రెండుసార్లు. అలవాటు."

"నాక్కూడా అదే అలవాటు. ఒకసారి తొక్కితే పెడల్ లోపలికి పోతది, రెండోసారికి పడుతది. రెండు నెల్ల సంది తొక్కుతున్న. ఆ సంగతి నా బుక్కుల రాసిన్నా? రాయలే. మల్లన్న అడిగితే చెప్పిన్నా? చెప్పలే."

పోపు మాడిన వాసన వచ్చినా కమలమ్మ కదల్లేదు.

అరుణాదేవి చెప్పింది వాళ్ళెవరికీ కొత్త కాదు మరి. సరుకు అమ్ముడుపోయేదాకా దాని వంక నోట రాకూడదని ఆ ఇంటి కట్టడి. కందుల్లో పురుగు పడనీ, శనగలు తడవనీ, బస్తా దుకాణం గడప దాటేదాకా 'ఫస్ట్ క్లాస్ మాల్' అనే అనాలి. వెంకటనారాయణ మోసగాడు కాడు, ఆ మాట ఆయన శత్రువు కూడా అనడు. వంక ఉన్న సరుకైతే అడక్కుండానే ధర తగ్గిస్తాడు, తూకంలో మొగ్గు చూపిస్తాడు. మాట మాత్రం రానివ్వడు. గంజ్ మొత్తానికీ అదే పద్ధతి. కారైనా ఎప్పుడో ఒకనాడు అమ్మాల్సిందే కదా, అందుకని కొన్న రోజు నుంచే అది ఫస్ట్ క్లాస్.

"నేను అడిగినోళ్ళు గూడ నా లెక్కనే చెప్పి ఉంటరు గద" అంటూ అరుణాదేవి పుస్తకం తెరిచింది. "మన దిక్కు ట్రివాన్ ఎవరు కొన్నరు? మన బజారోళ్ళు. ఇరవై రెండు బండ్లు. అందరూ 'ఫస్ట్ క్లాస్, ఫస్ట్ క్లాస్' అన్నరు. నేను రాసిన అయిదు కంప్లేంట్లు ఎవరియ్యి? ఒక డాక్టరు, ఒక బ్యాంకు మేనేజరు, ముగ్గురు కిరాయి డ్రైవర్లు. బజారోడు ఒక్కడు లేడు."

"సెలోరా డబ్బా అని అందరంటరు" అన్నాడు ప్రహ్లాద్.

"అనేది ఎవరు? ట్రివాన్ కొన్నోళ్ళు. సెలోరా కొన్నది ఊళ్ళోళ్ళు, ప్లాట్లకు భూములమ్మినోళ్ళు. వాళ్ళకు దాచుడు తెల్వది. ముప్పై ఒకటిల తొమ్మిది ఒక్క మల్లన్నవే. సదువుత వినున్రి. అద్దం కిందికి దిగుతలేదు. హారన్ మోగుతలేదు. ఎండకు సీటు కాలుతది. డిక్కీల గడ్డిమోపు పడతలేదు."

కమలమ్మ ఫక్కున నవ్వి, కొడుకు మొహం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వున్రి అత్తమ్మా. నేను గివి గూడ ఒక్కొక్కటి లెక్కేసి సెలోరా చెడ్డదన్న. ఆ ముప్పై ఒకటిల బండి నడిరోడ్డు మీద ఆగింది రెండుసార్లే. రెండుసార్లూ డీజిల్ అయిపోయి. ట్రివాన్ అయిదు చూడున్రి. అయిదుకు అయిదు బ్రేకే."

ప్రహ్లాద్ కాగితాన్ని ముందుకు తోశాడు. "ఊహ మీద కాంట్రాక్టు పోగొడ్తవా? సెలోరా అని రాస్తే సూర్యప్రకాశరావు నవ్వుతడు."

"ఆరు బండ్లల్ల ఎక్కేది మనుషులు. నవ్వితే నవ్వనీ."

"నాయినా, మీరన్నా చెప్పున్రి!"

వెంకటనారాయణ గోడ గడియారం వైపు చూశాడు. "మూడింటి దాకా టైమున్నది" అన్నాడు. "పోయి అనుమానం తీర్చుకొని రా. కానీ అరుణా, ఒట్టి ఊహ మీద మాట మార్చినవనుకో, మళ్ళా నిన్ను ఏ సంగతీ అడగ."

"అడిగేటట్లే వస్త మామయ్యా" అని పుస్తకం చంకన పెట్టి, మోపెడ్ తాళం తీసుకుంది.

* * *

బీరంగూడ కమాను పక్క సందులో మెకానిక్ సంగప్పది రేకుల షెడ్డు. అరుణాదేవికి కారు నడపడం నేర్పింది అతనే. ఆమె వెళ్ళేసరికి ఒక బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

"సంగప్పా, ట్రివాన్లు నీ దగ్గరికి రావా?"

"ఎందుకు రావక్కా? వారానికి రెండన్నా వస్తయ్" అన్నాడు కింద నుంచే.

"రెండేండ్ల సంది ఆదివారమాదివారం నీ షెడ్డుల కూసొని రాస్తున్న గదరా. నాకు ఒక్కటి కనపళ్ళే!"

సంగప్ప బయటికి జరిగి, లేచి, చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు ఆదివారం వస్తవ్. షెడ్డు నిండ జనం ఉంటరు. వాళ్ళు మంగళారం వస్తరు, అన్నాల యాళ్ళకు. గా ఎనక గేటుకెల్లి."

"ఎవరెవరు?"

"పేర్లు చెప్పొద్దన్నరు. మాటిచ్చిన. నువ్వడిగినా చెప్పనక్కా, ఏమనుకోకు."

అరుణాదేవి ఏమీ అనుకోలేదు. మాట నిలబెట్టుకునేవాణ్ణి బతిమాలి ఆ మాట తప్పించడం ఆమెకు చేతకాదు. చుట్టూ చూసింది. గోడకు రెంచీలు, మూలకు టైర్లు. అప్పుడు ఠక్కున తట్టింది. సంగప్పకు అతని ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటుంది. కొత్త సామాను బిగించాక పాతది తుడిచి ఓనరు చేతికిస్తాడు, 'నిజంగానే మార్చిన, చూసుకో' అన్నట్టు. మల్లన్నయితే మాడిపోయిన బల్బు కూడా ఇంటికి పట్టుకుపోయి పశువుల కొట్టంలో వేలాడదీశాడు.

"పాత సామాను వాళ్ళకు గూడ ఇస్తవా?"

"ఇస్త."

"తీస్కపోతరా?"

సంగప్ప నవ్వాడు. "యాడ తీస్కపోతరక్కా! ఇంటికి పట్కపోతే పక్కదుకాణపోడు చూస్తడంటరు. ఈడనే పారేసిపోతరు."

"ఏడ?"

అతను గడ్డంతో మూలనున్న గోనెబస్తా వైపు చూపించాడు. "పేర్లు చెప్పొద్దన్నరు గని, బస్తా విప్పొద్దని ఎవ్వరన్లే."

అరుణాదేవి మూతి తాడు విప్పి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కింద కూర్చుంది. బెత్తెడు పొడుగున్న ఇనుప గొట్టాలు, జిడ్డోడుతూ, ఒకటి తర్వాత ఒకటి బయటికి తీసింది. అన్నీ ఒకే రకం. బ్రేకు మాస్టర్ సిలిండర్లు. పందొమ్మిది.

"అన్నీ ట్రివాన్‌వేనా?"

"అన్నీ. లోపట రబ్బరు వాషర్ నాసిది. ఏడెనిమిది నెలలకు అరుగుతది. పెడల్ తొక్కితే ఆయిల్ ఎనక్కి జారుతది. రెండోసారి తొక్కితే పట్టుతది. తెలిసినోడు రెండుసార్లు తొక్కి బతుకుతడు."

"తెల్వనోడు?"

సంగప్ప వంగి రెండు గొట్టాలు ఏరి, గుర్తుకు గుడ్డపీలికలు కట్టి వేరుగా పెట్టాడు. "పరాయోళ్ళ పేర్లు చెప్పద్దు గని, నీ ఇంటి సంగతి నీకు చెప్పొచ్చు. ఈ రెండూ మీయే. మూడోది ఏసి ఎనిమిది నెల్లయింది. మార్చాలె అని పోయిన వారమే ప్రహ్లాద్ సేటుకు చెప్పిన. తర్వాత సూద్దం అన్నడు."

అరుణాదేవికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఊళ్ళోవాళ్ళ బండ్ల మంచిచెడ్డలన్నీ రాసుకుంటూ తిరిగిన మనిషి, తన ఇంటి బండి గొట్టాలు ఇక్కడ ఇంకొకరి బస్తాలో పడి ఉన్నాయని ఎరగదు! తనమీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ధైర్యమూ వచ్చింది. ఇక ఊహ కాదు ఇది. పందొమ్మిది ఇనుప గొట్టాలు, మామయ్య చేత్తో పట్టుకుని చూడొచ్చు.

"సంగప్పా, బస్తా నీ బండి మీదేస్కొని నా ఎంట రా."

* * *

పటాన్‌చెరు ఇంటి ముందు మోపెడ్ ఆపుతూనే ఆమెకు ఏదో తేడా కనిపించింది. వేపచెట్టు కింద ఉండాల్సిన తమ తెల్ల ట్రివాన్ లేదు. ఆ చోట మల్లన్న నీలం సెలోరా నిలబడి ఉంది.

కమలమ్మ కొబ్బరిచిప్పతో ఎదురొచ్చింది. "వచ్చినవా, జెర నోరు తీపి చేస్కో. పాతబండి పీడ పోయింది! నువ్వట్ల పోంగనే మల్లన్న మళ్ళా వచ్చిండు. మీ మామయ్య ఒప్పుకున్నడు. ఈడనే టెంకాయ కొట్టి, పెండ్లాం పోశమ్మను, ఇద్దరు మనవరాండ్లను ఎక్కించుకొని ఏడుపాయల గుడికి పోయిండు."

అరుణాదేవి కొబ్బరిచిప్ప అందుకోలేదు. "ఎంతసేపయింది?"

"ముప్పావు గంట."

లోపల వెంకటనారాయణ తృప్తిగా కూర్చుని ఉన్నాడు. "మంచి బేరం అరుణా. నన్నొక్క మాట అడగలే తెలుసునా? 'అరుణమ్మ మంచిగుందన్నది, ఇగ మిమ్మల్ని అడిగేదేంది సేటూ' అన్నడు."

అరుణాదేవి సంగప్ప చేతిలోని బస్తా అందుకుని నేల మీద బోర్లించింది. పందొమ్మిది గొట్టాలు గచ్చు మీద దొర్లి, ఒకటి వెళ్ళి మామగారి కాలికి తగిలింది.

"ఏందివి?"

"మీరు ఫస్ట్ క్లాస్ అన్న ట్రివాన్ల బ్రేకులు మామయ్యా. మీ కాలికాడున్నది, గా పీలిక కట్టింది, మనది. ఇంకోటి గూడ మనదే. ఇప్పుడు మల్లన్న తొక్కుతున్నది మూడోది. అది గూడ అరిగిపోయిందట. మీ కొడుకును అడుగున్రి."

ప్రహ్లాద్ మొహం పాలిపోయింది. "అమ్మే ముందు మార్పిద్దామనుకున్న. నాయిన గింత జల్దీ ఇచ్చేస్తడని నాకేమెరుక?"

"ఇచ్చేటప్పుడు ఈడనే ఉన్నరు గద! నోరెందుకు తెరవలే?"

ఎందుకు తెరవలేదో ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే.

వెంకటనారాయణ వంగి ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. జిడ్డు తెల్లపంచెకు అంటుకుంది. "సంగప్పా, ఒక్కసారే తొక్కితే?"

"ఖాళీ బండయితే పడుతది సేటూ. నలుగురైదుగురు కూసొని, రోడ్డు దిగుడుంటే పట్టది."

"ఫోన్ చేస్తే..." అని మొదలుపెట్టాడు ప్రహ్లాద్.

"మల్లన్నకు సెల్‌ఫోన్ ఎక్కడిది?" అరుణాదేవి మేకుకు తగిలించి ఉన్న సెలోరా తాళం లాక్కుంది. "కంది ఊళ్ళె పోశమ్మ చెల్లె ఇల్లున్నది. ఆడ ఆగకుంట పోరు. నేను అందుకుంట."

"కాంట్రాక్టు కాగితం?"

"వచ్చినంక!"

ఆమె సీట్లో కూర్చుని తలుపు వేసుకుంటుంటే అవతలి తలుపు తెరుచుకుంది. వెంకటనారాయణ చెప్పులైనా లేకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను చెప్త మామయ్యా, మీరెందుకు?"

"మంచిగుందని నువ్వన్నవ్. తాళం ఇచ్చింది నేను" అన్నాడాయన. "పోనీ."

* * *

తొమ్మిది కంప్లేంట్ల సెలోరా అరమలుపులో స్టార్టయింది.

బొంబాయి రోడ్డు మీద లారీల మధ్య నుంచి బాణంలా పోయింది బండి. స్టీరింగు వణకలేదు, ఇంజను మూలగలేదు. ఇస్నాపూర్ దగ్గర ఒక ట్యాంకరు అడ్డమొస్తే అరుణాదేవి ఒక్కసారి బ్రేకు తొక్కింది. ఒక్కసారికే నిలబడింది. మామా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కందిలో పోశమ్మ చెల్లెలి వాకిట్లో ఆపారు. "ఇప్పుడే పోయిన్రు, పది నిమిషాలయితది. మా పిల్లను గూడ ఎక్కించుకున్నరు" అంది ఆవిడ. అరుణాదేవి అయిదుగురని మనసులో లెక్కేసుకుంది.

సంగారెడ్డిలోకి వచ్చాక కనిపించింది తెల్ల ట్రివాన్. మల్లన్న నిదానస్తుడు, ఎడ్లబండి తోలినట్టు నింపాదిగా పోతున్నాడు. వెనక అద్దంలోంచి మనవరాలు చెయ్యి ఊపుతోంది. ముందు బజారు. అక్కణ్ణుంచి గంజ్ దాకా రోడ్డు దిగుడు. వారపు అంగడి రోజు, రోడ్డుకు రెండు పక్కలా తోపుడుబండ్లు, జనం.

అరుణాదేవి హారన్ మీద అరచెయ్యి వేసి నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. మల్లన్న చెప్పిన తొమ్మిదిలో రెండోది. రాసుకుంటూ నవ్విన కంప్లేంటు.

"మామయ్యా, ఇది మోగది!"

వెంకటనారాయణ అద్దం దించబోయాడు. అదీ దిగలేదు. తలుపు తెరిచి, కదులుతున్న బండిలోంచి సగం బయటికి లేచి నిలబడ్డాడు. రెండు పక్కలా ఆయన ఎరిగిన దుకాణాలే. నలభై ఏళ్ళుగా ఆయన నోట ఒక్క సరుకు వంక వినని సేట్లు గల్లాపెట్టెల ముందు నుంచి తలలెత్తి చూస్తున్నారు.

"మల్లన్నా! ఆపు! బండి మంచిది కాదు!" అని అరిచాడు వెంకటనారాయణ. "నేను చెప్పలే! బ్రేకు ఖరాబున్నది! బండి మంచిది కాదూ!"

బజారంతా నిలబడిపోయింది. మల్లన్న కిటికీలోంచి తల తిప్పి చూశాడు, సేటును గుర్తుపట్టి నవ్వాడు, ఆపుదామని కాలు వేశాడు. ట్రివాన్ వెనక ఎర్రలైట్లు వెలిగాయి.

బండి ఆగలేదు. దిగుడులోకి జారిపోతోంది.

"రెండుసార్లు!" ముసలాయన గొంతు చీరుకుపోయింది. "కాలు తీసి మళ్ళా తొక్కు మల్లన్నా! రెండుసార్లు తొక్కు!"

ఎర్రలైట్లు ఆరిపోయాయి. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, అవి రెండోసారి వెలగడం కోసం అరుణాదేవి చూస్తోంది.